తక్కువ మార్కుల బిడ్డకు తలుపు తెరిచేదెవరు?

ఫలితాలు వచ్చిన తెల్లారే పట్నం గోడలన్నీ ఫొటోలతో నిండిపోతయి. ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు, పదికి పది, వెయ్యికి తొమ్మిది వందల తొంభై. బస్టాండు ముందర, ఫ్లైఓవరు కింద, పేపరు మొదటి పేజీ నిండా నవ్వుతున్న పిల్లల మొఖాలే. ఆ పిల్లలు కష్టపడ్డరు, వాళ్లను మేము తక్కువ చేయం. కాని ఆ గోడల మీదికి ఎక్కని వాళ్లు లక్షల మంది. ఇంటర్‌లో నాలుగు వందల తొంభయ్యో, ఐదు వందల ఇరవయ్యో తెచ్చుకొని, మెమో మడిచి జేబులో పెట్టుకొని, "ఇగ మనకు సర్కారు యూనివర్సిటీలో సీటు యాడొస్తది" అనుకునే బిడ్డలు. ఈ వారం వాళ్ల గురించే రాస్తున్నం.

సూటిగ అడుగుదాం. ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయం ఎవరికోసం? మార్కులు తక్కువైన పైసలున్నోని కొడుకుకు ఈ ప్రశ్న అక్కర్లేదు. ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో మేనేజ్‌మెంటు కోటా ఉన్నది, ప్రైవేటు మెడికల్ కాలేజీలో బి-కేటగిరీ ఉన్నది, అదీ కాకుంటే విమానం ఉన్నది. తక్కువ మార్కులు అడ్డమొచ్చేది ఫీజు కట్టలేనోనికే. వానికి సర్కారు యూనివర్సిటీ తప్ప ఇంకో దిక్కు లేదు. ఆ ఒక్క దర్వాజ దగ్గరనే మనం మార్కుల తక్కెడ పట్టుకొని కూసున్నం.

ఆ తక్కెడ తూచేదేమిటో కొంచెం చూద్దాం. ఒక బిడ్డ పొద్దున ఐదు గంటలకు లేచి స్టడీ అవర్‌లో కూసుంటది, రాత్రి పది దాకా సార్లు పక్కనే ఉంటరు, వారం వారం పరీక్ష. ఇంకో బిడ్డ బర్లు తోలి, అన్నం వండి, పల్లెవెలుగు బస్సులో నిలబడి మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీకి పోతది. ఆడ ఫిజిక్స్ చెప్పే సారు బదిలీ మీద పోతే ఆ కుర్చీ ఎప్పుడు నిండుతదో ఎవరికీ తెల్వదు. పత్తి ఏరే కాలమొస్తే ఆ నాలుగు వారాలు బడి లేదు, కాలేజీ లేదు. ఇద్దరి మెమోల మీదా ఉండేది అంకె ఒక్కటే. పత్తి చేను దాని మీద కనపడదు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బడులకు తాళాలు పడ్డయి. ఆ విద్యా సంవత్సరంలో పది రాసిన పిల్లల మెమోల మీద సమ్మె అనే మాట ఎక్కడా లేదు, ఎక్కించమని మనమూ అడగలేదు.

పైగా ఆ అంకె అంత పవిత్రమైనది కూడ కాదు. పదో తరగతిలో 2012 నుంచి గ్రేడ్లు పెట్టిన్రు. 91 వచ్చినా 10 పాయింట్లే, 100 వచ్చినా 10 పాయింట్లే, 90 వస్తే మాత్రం 9. ఒక్క మార్కు తేడాకు ఒక పాయింటు పోవుడు, తొమ్మిది మార్కుల తేడాకు ఏమీ పోకపోవుడు! తర్వాత వందలో ఇరవై మార్కులు బడిలోనే వేసే పద్ధతి వచ్చింది. ఏ బడి ఎట్ల వేసుకుంటదో పంతుళ్లకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు. కరోనా ఏడు 2021లో పరీక్షలే జరగలేదు, అయినా మన రాష్ట్రంలో రెండు లక్షల మందికి పైగా పిల్లలకు పదికి పది వచ్చింది. ఆ పిల్లల తప్పేమీ లేదు. కాని సర్కారు ఒక్క ఉత్తర్వుతో అంత మందిని అగ్రశ్రేణి చేయగలిగినప్పుడు, ఆ అంకెను పట్టుకొని మిగతా కాలమంతా పిల్లల తలరాత రాస్తమనడం ఎట్ల న్యాయమైతదో మాకు సమజ్ కాదు. 2025 పరీక్షల నుంచి మళ్లీ మార్కులొచ్చినయి. మెమో ముఖం మారింది, కొలిచే బుద్ధి మారలేదు.

అంకె తప్పు పోతే ఏమైతదో 2019 ఏప్రిల్‌లో చూసినం. ఇంటర్ ఫలితాలు వచ్చినయి, మూడు లక్షల మందికి పైగా తప్పిన్రు. 99 మార్కులు రావాల్సిన ఒక బిడ్డ మెమోలో సున్నా పడ్డది. వారం పది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. ఊరూరా తల్లులు బోర్డు ఆఫీసు ముందర కూసుని ఏడ్చిన్రు. తర్వాత ఫెయిలైన వాళ్ల పేపర్లన్నీ మళ్లా చూస్తే వెయ్యి మందికి పైగా పాసయిన్రు. పాసయిన వాళ్ల మార్కులు సరిచేసిన్రు, పోయిన వాళ్లను ఎవరు తెస్తరు? ఆ సంగతి యాదికి తెచ్చుడు మాకు ఇష్టం లేదు. కాని ఏటా ఫలితాల నాడు ఏదో ఒక ఇంట్లో అదే భయం కూసుంటున్నది. తక్కువ మార్కులొస్తే బతుకు ముగిసిందని పిల్లలు అనుకుంటున్నరంటే, ముందర ఏ తొవ్వ ఉన్నదో వాళ్లకు ఎవరూ చెప్పలేదనే అర్థం. మనసు కుంగిన బిడ్డ 14416కు ఫోను చేస్తే మాట్లాడే మనిషి ఉంటడు. ఆ నంబరు ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాలె.

ఇక్కడ 'మెరిట్' పేరు చెప్పే పెద్దలు లేస్తరు. మార్కులు తగ్గించి సీట్లిస్తే యూనివర్సిటీలు పాడైతయంటరు. వాళ్లకు ఒక్క సంగతి యాది చేస్తం. 2023 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించింది. అంటే పరీక్ష రాసిన డాక్టరు ప్రతి ఒక్కరూ పీజీ సీటుకు అర్హులే, మైనస్ మార్కులొచ్చినా సరే. ఎందుకట? సీట్లు మిగిలిపోతున్నయట. లక్షలకు లక్షలు ఫీజు ఉన్న సీట్లు ఖాళీగుంటే మెరిట్ సున్నాకు దిగొచ్చింది, పేపర్లలో రెండు రోజులు మాట్లాడిన్రు, మర్చిపోయిన్రు. అదే ఒక లంబాడి తండా బిడ్డకు కటాఫ్ అయిదు మార్కులు తగ్గిస్తే దేశం మునిగిపోతదని లేఖలు రాస్తరు.

అయితే పరిష్కారమేంది? ఇంటర్ మార్కులు పక్కకు పెట్టి ప్రవేశ పరీక్ష ఒక్కటే చూడాలెనని చాలామంది విద్యార్థి మిత్రులు అంటున్నరు. కొంతవరకు అది జరిగింది కూడ. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండె. కరోనా ఏండ్లలో ఆపిన్రు, 2023లో పూర్తిగనే తీసేసిన్రు. ఇప్పుడు ఎప్‌సెట్ అని పిలుస్తున్న ఆ పరీక్షలో ర్యాంకు అంతా పరీక్ష మార్కులతోనే. ఇంటర్‌లో ఒక్క పేపరు చెడగొట్టుకున్న పిల్లగాడికి ఇది మేలే, కాదనం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మార్కులొక్కటే చూసిన కాలంలో ఎటు పోయిన్రో తెలిసిందే. 2021లో అక్కడి కొన్ని కాలేజీల్లో కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు. ఒక్క మార్కు తగ్గితే గేటు బయటే. మరుసటి ఏడు నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు సీయూఈటీ వచ్చింది. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి పోవాలన్నా అదే తొవ్వ.

కాని ప్రవేశ పరీక్షను మేము నెత్తిన పెట్టుకోలేం. మూడు గంటల పరీక్షలో గెలుపు నేర్పే దుకాణాలు ఎవరివో, వాటి ఫీజులెంతో ఈ పత్రిక చదివే ఉద్యోగులకు మా కన్నా ఎక్కువ తెలుసు, కడుతున్నది వాళ్లే గదా! మార్కులు సదువుకున్న బడిని కొలిస్తే, ప్రవేశ పరీక్ష కొనుక్కున్న కోచింగును కొలుస్తది. ఒకదాంట్లో ఓడిన పేద బిడ్డ ఇంకోదాంట్లో గెలుస్తడన్న భరోసా ఎక్కడున్నది? పైగా ర్యాంకు వచ్చినా, గ్రూపు సబ్జెక్టుల్లో ఓపెన్ వాళ్లకు 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం లేకుంటే ఇంజనీరింగు సీటు ఇయ్యరు. 2021లో ఈ గీత చెరిపేసి పాసైతే చాలన్నరు. ఆకాశమేమన్న విరిగి పడ్డదా? మళ్లీ ఆ గీత ఎందుకు గీసిన్రో ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి వేరే ఉన్నది. బిడ్డను ఎవరితో పోలుస్తున్నమనేదే ప్రశ్న. కార్పొరేటు హాస్టల్‌లోని పిల్లతో పోలిస్తే జిల్లా పరిషత్ బడి పిల్ల వెనుకనే ఉంటది. తన బడిలో, తన మండలంలో తనతోపాటు సదివినవాళ్లతో పోలిస్తే ఆమె విలువ తెలుస్తది. ఇది మేము కొత్తగ కనిపెట్టింది కాదు, మన కండ్ల ముందరనే ఉన్నది.

బాసర ట్రిపుల్ ఐటీ సంగతే తీసుకోండి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు క్యాంపసులు పెట్టిన్రు. పదో తరగతి అయిన పల్లె పిల్లలను తీసుకొని ఆరేండ్లు ఒక్కచోటనే సదివించి ఇంజనీర్లను చేయాలెనన్నది ఆలోచన. కోచింగు లేదు, ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి జీపీఏనే ఆధారం. కాని ఒక చిన్న మెలిక పెట్టిన్రు. హాస్టల్ లేని సర్కారు బడి, జిల్లా పరిషత్ బడి, మున్సిపల్ బడిలో సదివిన బిడ్డ జీపీఏకు 0.4 కలుపుతరు. అంటే జిల్లా పరిషత్ బడిలో 9.6 తెచ్చుకున్న పిల్ల, ప్రైవేటు బడిలో పదికి పది తెచ్చుకున్న పిల్లతో సమానంగ నిలబడ్డట్టు. చూడటానికి చిటికెడంత. కాని సర్కారే తన చేతితో ఒప్పుకున్న మాట అందులో ఉన్నది: ఆ బడిలో ఆ మార్కులు తెచ్చుకునుడు కష్టమని, ఆ తక్కువ ఆ బిడ్డ తక్కువ కాదని. ఈ 0.4 వల్ల ఎందరు కూలీల బిడ్డలు, బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు ఇంజనీర్లయిన్రో బాసర పోయి చూడండి.

2021లో అందరికీ పదులొచ్చేసరికి ఈ లెక్క పనికిరాక, ఆ ఒక్క ఏడు పాలిసెట్ ర్యాంకుతో సీట్లిచ్చిన్రు. అప్పుడు మా భయం ఒక్కటే, ఇదే అదునుగ బాసరను కూడ ప్రవేశ పరీక్షకు అప్పగిస్తరేమోనని. కాలేదు, సంతోషం. కాని బాసరలో కూడ సీటు దొరికితే తండ్లాట తీరలేదు. 2022 జూన్‌లో వేల మంది పిల్లలు కనీస సౌకర్యాల కోసం వారం రోజులు ఎండలో, వానలో గేటు దగ్గర కూసున్నరు. తిండి, పడక, అధ్యాపకులు, వాళ్లు అడిగినవన్నీ అంతకంటే పెద్దవేమీ కావు. పేదోళ్ల యూనివర్సిటీ అంటే పేదగనే ఉండాలెనా?

ఢిల్లీలోని జేఎన్‌యూలో కూడ ఈ సూత్రం ఎప్పటినుంచో ఉన్నది. వెనుకబడిన జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు, ఆడపిల్లలకు ప్రవేశంలో అదనపు పాయింట్లు కలిపేవాళ్లు. 1983లో తీసేసిన్రు, విద్యార్థులు ఏండ్లకేండ్లు కొట్లాడితే 1990ల మొదట్లో మళ్లీ తెచ్చిన్రు. 2017లో ఎం.ఫిల్., పిహెచ్.డి. ప్రవేశాల్లో అవి మళ్లీ పోయినయి. కొట్లాడితే వచ్చింది, కండ్లు మూస్తే పోయింది.

అమెరికాను చూసి నేర్చుకోవాలని మన పెద్దలు ఎప్పుడూ అంటరు గదా, సరే, టెక్సాస్‌ను చూద్దాం. 1997లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. రాష్ట్రంలోని ఏ హైస్కూల్లోనైనా సరే, తన తరగతిలో మొదటి పది శాతంలో ఉన్న పిల్లకు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు ఖాయం. ఆ హైస్కూలు ధనవంతుల పేటలో ఉన్నదా, నల్లవాళ్ల వాడలో ఉన్నదా, మెక్సికో సరిహద్దు పల్లెలో ఉన్నదా అని అడగరు. తర్వాత ఆస్టిన్‌లోని పెద్ద యూనివర్సిటీకి జనం ఎక్కువైన్రని 2009లో దానికి ఒక హద్దు పెట్టిన్రు, అయినా మూల సూత్రం నిలబడ్డది. డాలస్, హ్యూస్టన్‌లలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు ఈ లెక్క బాగ తెలుసు. మంచి బడి కోసం ఖరీదైన పేటలో ఇల్లు కొంటే ఆ బడిలో పోటీ గట్టిది, పది శాతంలోకి రావుడు కష్టం. ఈ చట్టం మీద వాళ్లకు కోపం ఉంటే అర్థం చేసుకోవచ్చు. కాని ఇక్కడ వాళ్ల ఊర్లో ఉన్న తమ్ముని బిడ్డకు ఇట్లాంటి చట్టమే కావాలె.

అంత దూరం ఎందుకు, ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో చేరాలన్నా పన్నెండో తరగతిలో 75 శాతం, దళిత, గిరిజన బిడ్డలకు 65 శాతం ఉండాలె. లేకుంటే తమ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉన్నా చాలు. ఆ రెండో వాక్యం ఎందుకున్నది? అన్ని బోర్డులు ఒక్కతీరు మార్కులు వేయవు గనుక. బోర్డుకు బోర్డుకు తేడా ఉంటదని ఐఐటీలకు తెలిసినప్పుడు, బడికి బడికి తేడా ఉంటదని మన ఉన్నత విద్యామండలికి తెల్వకపోవుడేంది?

విద్యార్థి మిత్రులారా, ఈ చట్టాలన్నీ మారే దాకా ఊకె కూసోవద్దు. ఉన్న తొవ్వలు కొన్ని ఉన్నయి, వాటిని ఎవరూ గోడల మీద అంటించరు, ఎందుకంటే వాటిలో ఎవరికీ ఫీజు రాదు. పదిలో తక్కువ వచ్చిందా? పాలిసెట్ రాయండి. పాసైతే చాలు, ర్యాంకు పాలిసెట్ మార్కులదే. సర్కారు పాలిటెక్నిక్‌లో మూడేండ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగ బీటెక్ రెండో ఏడులో పడతరు. ఇంటర్ మార్కులు అసలు అడ్డం రావు. డిప్లొమా చేతిలో ఉంటది గనుక నడుమ ఎక్కడ ఆగినా కొలువుకు పనికొస్తది.

ఇంటర్‌లో తక్కువ వచ్చిందా? 2016 నుంచి డిగ్రీ సీట్లు ఎక్కువగ దోస్త్ ద్వారానే. పట్నంలోని పేరున్న కాలేజీలో మొదటి విడతలో రాకపోవచ్చు. బాధపడకండి. మీ పక్క పట్నంలోని సర్కారు డిగ్రీ కాలేజీలో ఏటా సీట్లు మిగిలిపోతున్నయి. అక్కడ మూడేండ్లు నిబ్బరంగ సదివి సీపీగెట్ రాయండి. ఎం.ఏ., ఎమ్మెస్సీ, ఎం.కాం. సీట్లకు ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన యూనివర్సిటీలన్నిటికీ ఆ ఒక్క పరీక్షే. ఇంటర్‌లో ఎన్ని వచ్చినయని ఆడ ఎవరూ అడగరు. ఈ తొవ్వను అందరికంటే ముందు పట్టుకున్నది ఆడపిల్లలే, సీపీగెట్‌లో వాళ్లే ఎక్కువ. ఇరవై ఏండ్ల వయసులో ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కిన పిల్ల, పదిహేడేండ్ల వయసులో ఎక్కలేకపోయిన పిల్ల కన్నా ఏ విధంగ తక్కువ?

ఇంకో మాట. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఇప్పుడు అంబేడ్కర్ పేరు మీద ఉన్నది. అది మొదలైనప్పుడు ఇంటర్ మెమో కూడ లేనోళ్లను ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకున్నది. ఆటో తోలినోళ్లు, కానిస్టేబుళ్లు, పెండ్లయి సదువు ఆగిపోయిన ఆడవాళ్లు ఆ తలుపులోంచి గ్రాడ్యుయేట్లయిన్రు. నలభై ఏండ్ల కిందనే అంత ధైర్యం చేసిన గడ్డ మనది, ఇయ్యాల 44.8 శాతం బిడ్డను వాపసు పంపుతున్నది.

ఉద్యోగ మిత్రులకు కూడ ఒక విన్నపం. మీ పిల్లలు ఏ కాలేజీలో సదువుతున్నరని మేము అడగం, అది మీ ఇష్టం. కాని మీ ఊరికి పోయినప్పుడు, ఫలితాలొచ్చిన ఆ వారంలో, పక్కింటి పిల్లగాని మెమో ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. దోస్త్ రిజిస్ట్రేషన్ ఆఖరు తేదీ ఎప్పుడో, కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం ఎక్కడ తీసుకోవాల్నో చెప్పండి. రెవెన్యూ మిత్రులు ఆ పత్రాలు ఆ నెలలో ఆపకుండ ఇయ్యండి. తారీఖు తెల్వక, కాగితం రాక పోయిన సీట్లు మార్కులు లేక పోయినవాటి కంటే తక్కువేమీ కాదని మా అనుభవం.

సర్కారును అడిగేది మాత్రం నాలుగు ముక్కల్లో అడుగుతం. మెమో లెక్క ఏ తీరుగ మారినా బాసరలో సర్కారు బడి బిడ్డకు కలిపే ఆ చిటికెడు అట్లనే ఉండాలె, దోస్త్‌లో, ఇంజనీరింగులో, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కూడ దాన్ని తేవాలె. ప్రతి సర్కారు జూనియర్ కాలేజీలో మొదట నిలిచిన పిల్లలకు, వాళ్ల మార్కులు రాష్ట్రంలో ఎంత తక్కువైనా, రాష్ట్ర విశ్వవిద్యాలయాల క్యాంపస్ కాలేజీల్లో కొన్ని సీట్లు పక్కకు పెట్టాలె. ఇంజనీరింగులో ఆ 45, 40 శాతం గీతను 2021లో తీసినట్టే తీసెయ్యాలె. తలుపు తెరిస్తే లోపల పాఠం చెప్పేటోళ్లు ఉండాలె గనుక, సగానికి పైగా ఖాళీగున్న యూనివర్సిటీ అధ్యాపక పోస్టులు నింపాలె. తక్కువ మార్కులతో వచ్చిన బిడ్డకు మొదటి ఏడు ఇంగ్లీషు, లెక్కలు దగ్గరుండి నేర్పే మనిషి లేకుంటే, ఆ బిడ్డ రెండో ఏడు వాపసు ఇంటికి పోతడు. అప్పుడు 'చూసిన్రా, మేము ముందే చెప్పలేదా' అనేటోళ్లు గేటు దగ్గరనే నిలబడి ఉంటరు.

వచ్చే దోస్త్ నోటిఫికేషన్ లోపల ఈ నాలుగింటిలో ఒక్కటన్నా ఉత్తర్వుగ రావాలె. విద్యార్థి సంఘాలు ఇప్పటినుంచే ఉన్నత విద్యామండలికి వినతిపత్రాలు ఇయ్యాలె. ఏ సర్కారు జూనియర్ కాలేజీ నుంచి ఎందరికి యూనివర్సిటీ సీటు వచ్చిందో కాలేజీల వారీగ లెక్క అడగాలె. ఇయ్యకుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలె. ఆ జవాబులు మాకు పంపండి, ఏ మండలానిదైనా ఈ పేజీలోనే అచ్చేస్తం.